నాలుగో గది వైరు

సారంగపాణి వైరు కొనను పళ్ళ మధ్య పెట్టి తల పక్కకి తిప్పాడు. నల్లటి తోలు ఊడి వచ్చింది. దాన్ని కిటికీలోంచి వానలోకి ఉమ్మేసి, లోపలి తీగల జాలీని వేళ్ళతో వెనక్కి దువ్వాడు. ముప్పై ఏళ్ళుగా భద్రాచలంలో కేబుల్ పని చేసి చేసి, ముందుపన్నుకు వైరు మందాన గాడి పడింది. సంచిలో కటింగ్ ప్లేయర్ లేక కాదు. అలవాటు ముందు పనిముట్టు ఎంత!

ముంపు కాలనీల జనాన్ని, వాళ్ళతోపాటే సారంగపాణినీ అతని భార్యనూ, ముందురోజే ఈ బడికి తెచ్చారు. నాలుగు గదులు, నాలుగు టీవీలు, ఒకటే హెచ్‌డీ బాక్సు. గోదావరి ఎన్ని అడుగులకొచ్చిందో ప్రతివాడికీ కావాలి, అందరూ మొదటి గదిలోనే పడి కూర్చుంటున్నారు. నాలుగు బాక్సులు కొనే స్తోమత బడికెక్కడిది? చవకలో ఏదైనా చూడమని, శిబిరం చూసుకునే హరిప్రసాద్ మాస్టారు సారంగపాణిని బతిమాలాడు.

నిరుడు వరదలో తడిసిందని ఒక లాడ్జివాళ్ళు పారేసిన మాడ్యులేటర్ అతని దగ్గరుంది. చిన్న ఇనుప పెట్టె. బాక్సులోని బొమ్మను మామూలు కేబుల్ వైరులోకి ఎక్కిస్తుంది; అక్కణ్ణుంచి నాలుగు పాయలు చేసుకుంటే సరి, నాలుగు టీవీల్లోనూ అద్దంలా వస్తుంది. చిక్కల్లా ప్లగ్గుతోనే. దానికి మూడు పిన్నులు, బడి గోడకు రెండే రంధ్రాలు. పైనున్న లావు ఇత్తడి పిన్నును సారంగపాణి ప్లేయర్‌తో పట్టి, మెలితిప్పి ఊడబీకి, చొక్కా జేబులో వేసుకున్నాడు. పెట్టె ఇనుముకు కరెంటు పాకితే, వైర్ల జాలీలోకి ఎక్కకుండా నేలలోకి లాక్కుపోవాల్సింది ఆ పిన్నే. అతనికి తెలియక కాదు. ఊళ్ళో అందరూ చేసే పనే, అలాంటి పిన్నులు ఇంట్లో డబ్బా నిండా ఉన్నాయి.

మధ్యాహ్నానికి మూడు గదుల్లో బొమ్మ వచ్చింది. మూడు తెరల మీదా అదే గోదావరి, అదే బురద రంగు.

నాలుగో గదిలో అతని భార్య అనంతమ్మ తడిబట్టలు ఆరేయబోతూ, కిటికీకి వేలాడుతున్న వైరును తోలు ఊడినచోట పట్టి పక్కకు జరిపి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏందయ్యా ఇది, చెయ్యి జుమ్మంటాంది."

"లైన్ల గంత ఉంటది. పానం ఉన్నట్టే గద."

ఆమెకు నవ్వు రాలేదు. మొదటి గదిలో ఉన్న పక్కింటి నాగక్క కూడా టీవీ వెనక ముట్టుకుంటే గుంజిందని చెప్పింది. తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడ్డ మొగుణ్ణి చూస్తే అనంతమ్మకు భయమేసింది.

నాలుగో గది బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోతోంది. వైరు కొన సరిగ్గా కూర్చోలేదు, కోసి మళ్ళీ కట్టాలి. అంతలో పక్కగదిలో కలకలం. నీళ్ళు యాభై మూడు అడుగులకు దగ్గరపడ్డాయట, మూడో హెచ్చరిక ఏ క్షణమైనా చెబుతారట. అదొస్తే సారంగపాణి వాళ్ళ వీధి మునిగినట్టే.

"ఆ పెట్టె బంద్ చేసినంక ముట్టుకో," అంది అనంతమ్మ.

"ఇప్పుడు బంద్ చేస్తె మూడు గదులోళ్ళు నా మీద పడ్తరు. రెండు నిమిషాలు. నువ్వు అన్నం పెట్టు, వస్త."

ఆమె పళ్ళెం తీయడానికి వంగింది. గుమ్మం దాటిన వాననీళ్ళు అతని పాదాల కిందికి పాకాయి. సారంగపాణి పాత కొన కత్తిరించి, కొత్త కొనను పళ్ళ మధ్య పెట్టి తల పక్కకి తిప్పాడు.

అరుపు కూడా రాలేదు. బియ్యం మూట దింపినట్టు చప్పుడైంది, అంతే.

అనంతమ్మ కేకకు హరిప్రసాద్ పరుగెత్తి ప్లగ్గు పీకేశాడు. అన్ని గదుల్లోనూ బొమ్మ ఒక్కసారే పోయింది. బొమ్మేదని గోల చేసినవాళ్ళు, సంగతి తెలిసి నాలుగో గదికి పరుగెత్తారు. నీళ్ళు యాభై మూడు దాటడం ఆ బడిలో ఎవరూ చూడలేదు.

సాయంత్రం దవాఖానాలో శవం మీంచి తీసిన చొక్కా మడిచి అనంతమ్మ చేతికిచ్చారు. ఇల్లు మునిగిందా అని ఆమె ఎవరినీ అడగలేదు. మడతలో ఏదో గట్టిగా తగిలితే జేబులో చెయ్యి పెట్టి తీసింది. లావుపాటి ఇత్తడి పిన్ను, ప్లేయర్ పళ్ళు పడ్డచోట ఇంకా కొత్తగా మెరుస్తోంది.