పుస్తకంలో లేని ఆడపడుచు

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో మూడువందల మందికి వండే వంటావిడని అందరూ గరిటమ్మ అనేవారు. ఆ పేరుకి ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు. ఆమెకి ఒళ్ళు మండేది డాక్టర్ల దగ్గరే. మోకాళ్ళ నొప్పని వెళితే బరువు, దగ్గని వెళితే బరువు, చెవిపోటని వెళ్ళినా బరువే. "నోరు కట్టుకోవాలమ్మా" అని ఒకాయన కాగితం మీంచి తలైనా ఎత్తకుండా సలహా పారేశాడు. వంటావిడ నోరు కట్టుకుంటే మూడువందల మంది ఉప్పు లేని కూర తినాల్సివస్తుందని ఆ మహానుభావుడికి ఎవరు చెప్పాలి?

ఈ డాక్టరమ్మ అలాంటిది కాదు. మొదటిరోజు కాటా ఎక్కించనే లేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, పొద్దున్న లేచింది మొదలు ఏమేం చేస్తారో చెప్పమని అడిగి, అడ్డు తగలకుండా వింది. రుచి చూడటానికి గరిటె మాని టీచెంచా వాడమంది. పన్నెండింటికి జనం మీదపడక ముందే, పదకొండింటికల్లా కూర్చుని కడుపునిండా తినమంది. తినమని చెప్పే డాక్టర్ని గరిటమ్మ జన్మలో చూడలేదు. రోజూ ఇంటికి రెండు స్టాపుల ముందే బస్సు దిగి నడవమంది. ఆఖర్న ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టింది.

"తిన్నదంతా రాయండి. ఎందుకు తినాలనిపించిందో కూడా రాయండి. చూసి తిట్టేవాళ్ళెవరూ లేరు. ఇది మీకూ నాకూ మధ్యే."

గరిటమ్మ ఆ మాట నమ్మింది. కన్నతల్లికి కూడా చెప్పుకోలేనివన్నీ అందులో రాసింది. "కూతురు ఫోన్ ఎత్తలేదు. ఎనిమిది బిస్కెట్లు." "సూపర్‌వైజర్ అందరిముందూ ఏనుగన్నాడు. అడుగున మిగిలిన కూర గిన్నెలోనే తినేశాను." మూడు నెలల్లో షుగర్ దిగింది, మోకాళ్ళు మాట వినడం మొదలుపెట్టాయి, నాలుగు కిలోలు తగ్గింది. కిలోల సంగతెలా ఉన్నా, సిగ్గుపడకుండా నిజం చెప్పుకోవడానికి లోకంలో ఒక మనిషి దొరికిందన్నదే ఆమెకి పెద్ద సంతోషం.

ఆ రోజు డాక్టరమ్మ పేజీలు తిప్పుతూ నవ్వింది.

"చాలా బాగా చేస్తున్నారు. శుక్రవారం ఒక్కటే కాస్త తడబడ్డారు. పర్లేదు, ఆడపడుచు ఇంటికొస్తే ఎవరికైనా కష్టమే!"

గరిటమ్మ కూడా నవ్వబోయి ఆగిపోయింది. చెయ్యి చాచి పుస్తకం తీసుకుంది. శుక్రవారం కింద రెండే ముక్కలున్నాయి. "రెండోసారి వడ్డించుకున్నాను. మనసు బాగాలేదు." ఆడపడుచు ఊసే లేదు.

"మా ఆడపడుచు వచ్చిందని మీకెవరు చెప్పారమ్మా?"

డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. అయినా దాచలేదు. "మీవారు. ప్రతి ఆదివారం నేనే ఫోన్ చేసి కనుక్కుంటాను. పేషెంట్లు చాలామంది తగ్గించి రాస్తారు. ఇంట్లోవాళ్ళని అడిగి సరిచూసుకోవడం నాకలవాటు. మీకు చెప్పొద్దని నేనే అన్నాను."

గరిటమ్మ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"మరి సరిచూశారుగా. నేనెక్కడ తగ్గించి రాశాను?"

"ఎక్కడా లేదు. ఆయన చెప్పినదానికన్నా మీరు రాసిందే ఎక్కువ."

"ఆ సంగతి మీకెప్పుడు తెలిసింది?"

"మొదటి నెలలోనే."

"తెలిశాక కూడా ఎందుకు చేశారమ్మా ఫోన్లు?"

"తప్పు నాదే. ఇక చెయ్యను. వైద్యం మాత్రం మానకండి" అంది డాక్టరమ్మ. ఆ గొంతులో నిజంగానే బాధ ఉంది. దాన్ని పట్టించుకునే ఓపిక గరిటమ్మకి లేకపోయింది.

"మానను. నడుస్తాను, కూర్చునే తింటాను. మీరు చెప్పినవన్నీ మంచివే. రక్తపరీక్షకి రాసివ్వండి. ఇకమీద ఏం తెలుసుకోవాలన్నా ఆ రక్తాన్నే అడగండి. నన్ను అడక్కండి."

బయట బెంచీ మీద భర్త కూర్చుని ఉన్నాడు. స్కూలు బస్సు నడిపే మనిషి, డ్యూటీ మధ్యలో వచ్చాడు.

"ఏమందే డాక్టరు?"

"ఆదివారాలు మీరు చెప్పినవన్నీ చెప్పింది."

అతను గతుక్కుమన్నాడు. "నీ మంచికేనే. ఆవిడే అడిగింది."

"శుక్రవారం మీ చెల్లెలి ముందు నేను వద్దంటున్నా నా కంచంలో మళ్ళీ వడ్డించి, 'దీనికి ఒకసారి సరిపోదులే' అని నవ్వించింది ఎవరండీ? అది చెప్పారా ఆవిడకి?"

అతను బస్సు తాళాలు చేతిలోకి తీసుకుని లేచాడు.

"నేనూ చెప్పలేదు. పరాయిమనిషి ముందు మొగుణ్ణి చులకన చెయ్యడం ఎందుకని, నేనే వడ్డించుకున్నానని రాశాను. ఆ పుస్తకం మొత్తంలో నేను రాసిన అబద్ధం అదొక్కటే."