పగలడానికి కొన్న అద్దం

నేను ఒక గాజు నేలను. కంగారు పడకండి, మీలాంటి వాళ్ళు పాతికమంది ఎక్కి నిలబడినా నాకొక లెక్క కాదు. మూడు దళసరి అద్దాలను కాల్చి, చల్లార్చి, నడుమ జిగురు పొరలు పెట్టి అతికిస్తే నేనయ్యాను.

రాజమండ్రిలో సత్తిరాజు గారు కడుతున్న చీరల కొట్టులో, గుమ్మం లోపలే పాత నుయ్యి ఒకటి ఉంది. దాన్ని పూడ్చకూడదని వాస్తు పండితుడు తేల్చి చెప్పాడు. కొనడానికి వచ్చేవాళ్ళు నుయ్యి దూకి రారు కదా, అందుకని దానిమీద నన్ను పరవాలనుకున్నారు.

లెక్కలు వేసింది ఇంజనీరు సుభాషిణి. జనం, బీరువాలు, చీరల మూటలు అన్నీ కాగితం మీద రాసి, చదరపు మీటరుకు ఐదువందల కిలోలు ఆగాలంది. ఆ బరువు మోసేవి కింది రెండు అద్దాలేనని, పైది దెబ్బ కాయడానికని, పగిలితే అదే పగలాలని చెప్పింది.

సత్తిరాజు గారికి అక్కడే మండింది. "పగలడానికని ఎవరైనా కొంటారాండీ?" అన్నారు. మూడోది తీసెయ్యమన్నారు. తీసేస్తే సంతకం పెట్టనంది ఆవిడ. పదిహేను రోజులు ఇద్దరికీ మాటల్లేవు. చివరికి ఆయనే దిగొచ్చారు గానీ, వచ్చిన ప్రతివాడికీ నన్ను చూపించి దండగ అద్దం అని చెప్పేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ప్రారంభోత్సవం నాడు దిష్టి తీశారు. పెద్ద బూడిద గుమ్మడికాయని తొడిమ దగ్గర కోసి, కుంకుమ, రూపాయి బిళ్ళలు కూరి, కర్పూరం వెలిగించి, మూడుసార్లు తిప్పి, బయట కొడితే మెట్లు జారతాయని లోపలికొచ్చి నా నడినెత్తినే కొట్టారు సత్తిరాజు గారు. కాగితంలో అన్నీ ఉన్నాయి, గుమ్మడికాయ లేదు. నా పై అద్దం ఫెళ్ళున చిట్లింది. అందరికంటే ముందు వాస్తు పండితుడు పరిగెత్తాడు. కింద నలభై అడుగుల నుయ్యి, పైన కళ్ళు మూసుకుని సత్తిరాజు గారు ఒక్కరే.

సుభాషిణి నడిచొచ్చి ఆయన పక్కనే నిలబడింది. మోసేవి రెండూ బాగానే ఉన్నాయని చెప్పింది. ఆయన కదల్లేదు.

"గుమ్మడికాయ ఎందుకు కొన్నారండీ?" అని అడిగింది.

ఆయన కళ్ళు తెరిచారు.

"పగలడానికేనండీ," అన్నారు మెల్లగా.

నన్ను తీసేసి నాలుగు అద్దాల నేల వేశారు. ఇప్పుడు నేను అద్దాల గోదాములో గోడకి ఆనుకుని ఉన్నాను, పగుళ్ళ నిండా కుంకుమతో. కొత్త నేల కాగితం నకలు నా ఎదురుగానే మేకుకి వేలాడుతోంది. జనం, బీరువాలు, చీరల మూటలు. వాటి కింద సత్తిరాజు గారి దస్తూరీలో ఇంకో వరుస ఉంది: గుమ్మడికాయ, ఏడాదికి ఒకటి. సుభాషిణి దానికీ సంతకం పెట్టింది.