రాబందు మాస్టారు

కుర్చీలు రెండూ ఎదురెదురుగా ఉంటే ఆయనకు నచ్చదు. బల్లను గోడవైపు తోసి, ఒక కుర్చీని కిటికీ పక్కకు, రెండోదాన్ని దానికి కాస్త ఏటవాలుగా జరిపాడు. వచ్చినవాళ్ళకు ఏడుపొస్తే మొహం తిప్పుకోవడానికి ఓ కిటికీ ఉండాలి. జరుపుతుంటే ఎడమ భుజంలో నొప్పి మోచేతిదాకా పాకింది. పొద్దున బయల్దేరేటప్పుడు అక్క గుమ్మంలో నిలబడి పోరింది కూడా.

"ఆ భుజం డాక్టరుకి చూపించరా. ఊళ్ళోవాళ్ళకి చెప్పే బుద్ధులు నీకు పనికిరావా?"

"రేపు చూపిస్తానక్కా."

"రేపు అన్నదానికి రూపు లేదు" అని తలుపు వేసుకుందామె.

ఆ గది ఒకప్పుడు బిస్కెట్ల ఫ్యాక్టరీలో చేతులు కాలినవాళ్ళకు కట్టు కట్టే గది. ఇప్పుడు తలుపు మీద 'కెరీర్ కోచ్' అన్న కాగితం అంటించారు. పొయ్యిలు ఆరిపోయాయి. ఇదివరకు ఈ గోడల మధ్య మాట్లాడాలంటే అరవాల్సివచ్చేదట. ఇప్పుడు ఎక్కడో కారుతున్న కుళాయి చుక్క కూడా వినిపిస్తోంది. తీపి వాసన ఇంకా పోలేదు కాని, దానికోసం వచ్చే చీమలు మాత్రం కనిపించడం లేదు.

మనుషుల్ని తీసేసే కంపెనీలు, తీసేశాక ఆయన్ను పిలుస్తాయి. పోయిన ఉద్యోగం ఆయన తెచ్చి ఇవ్వలేడు. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, ఏం చేసేవారో వాళ్ళ నోటితోనే చెప్పించి, ఎక్కడ అడగాలో, ఎలా అడగాలో నేర్పిస్తాడు. పొడుగాటి మనిషి. బట్టతల, ముందుకు సాగిన సన్నని మెడ. ఆయన ఎక్కడ వాలితే అక్కడ ఏదో చచ్చిందని లెక్క. అందుకని ఆయనకు రాబందు మాస్టారని పేరు పడింది. ఆ పేరు ఆయనకూ తెలుసు. "పోలిక బాగానే కుదిరింది, ముక్కు ఒక్కటే తేడా" అని అక్కతో అన్నాడొకసారి.

మొదట ప్యాకింగ్‌లో పనిచేసినామె వచ్చింది. కొంగు వేలికి చుట్టుకుంటూ కుర్చీ అంచున కూర్చుంది.

"నేను డబ్బాలు సర్దేదాన్నండీ. అంతే."

"కొత్తపిల్లలు చేరితే పని ఎవరు నేర్పేవారు?"

"ఇంకెవరు, నేనే."

"వాళ్ళు గొడవ పడితే?"

"నేనే సర్దిచెప్పేదాన్ని."

"అయితే ఆ 'అంతే' అన్న మాట ఇక్కడే వదిలేసి వెళ్ళమ్మా. ఇంకోచోట అనకు."

ఆమె నవ్వింది. అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పించాడు, 'అంతే' లేకుండా వచ్చేదాకా. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"తర్వాత బావగారు వస్తాడు కదండీ. నిన్న తన క్యారేజీ నాకిచ్చేశాడు. కొత్తదే. వద్దన్నా వినలేదు. తెగ నవ్వించాడు కూడా."

మాస్టారి మొహంలో అప్పటిదాకా ఉన్న నవ్వు ఆగిపోయింది.

బావగారంటే పొయ్యి దగ్గర పనిచేసినవాడు. గేటు దగ్గరివాడి నుంచి మేనేజరు దాకా అందరినీ బావా అని పిలిచేవాడు కనుక అందరికీ బావగారయ్యాడు. మర్నాడు పొద్దున రొట్టెల ఫ్యాక్టరీలో అతనికి ఇంటర్వ్యూ. దాన్ని కుదిర్చింది మాస్టారే. ఇవాళ ఆఖరి పాఠం.

రావలసిన వేళ దాటిపోయింది. గేటు దగ్గర అడిగితే, లోపలికి వచ్చి చాలాసేపైందన్నారు. మాస్టారు పొయ్యిల హాలువైపు నడిచాడు. దీపాలు లేవు. పైనున్న అద్దాల్లోంచి మురికి వెలుతురు పడుతోంది. సొరంగంలాంటి పొయ్యి నోటిముందు, ముక్కాలిపీట మీద కూర్చుని బావగారు గుడ్డతో ఇనుము తుడుస్తున్నాడు. శుభ్రంగా గీసుకున్న గడ్డం, ఇస్త్రీ చొక్కా. ఏళ్ళ తరబడి సెగ తగిలి ముంజేతుల మీద ఒక్క వెంట్రుక లేదు.

"చల్లారాక దీన్నెప్పుడూ ముట్టుకోలేదు మాస్టారూ. చూడండి, పీనుగులా ఉంది."

"పాఠానికి రాలేదేం?"

"ఇంక నాకు పాఠాలెందుకు?" అని చేతి గడియారం విప్పి చాచాడు. "ఇది మీరుంచుకోండి. బాగా నడుస్తుంది." నవ్వాడు.

ఆ నవ్వు మాస్టారు ఇదివరకు ఒకసారి విన్నాడు. చాలా ఏళ్ళ కిందట బ్యాటరీల ఫ్యాక్టరీలోంచి ఆయన్నూ, ఆయన స్నేహితుణ్ణీ ఒకే రోజు బయటికి పంపారు. దారి పొడుగునా ఆ స్నేహితుడు జోకులే వేశాడు. మలుపులో ఆగి తన రేడియో చేతిలో పెట్టి, నువ్వు వినరా అన్నాడు. తెల్లారేసరికి మనిషి లేడు. ఎందుకిస్తున్నావని అతన్ని ఎవరూ అడగలేదు. ఆ తర్వాతే ఆయన ఈ పనిలోకి వచ్చాడు.

మాస్టారు గడియారం తీసుకోలేదు. పక్కనున్న ఇనుప మెట్టు మీద కూర్చుని, టైమెంతైందని అడిగినట్టు మెల్లగా అడిగాడు.

"చచ్చిపోదామనుకుంటున్నావా?"

గుడ్డ ఆగింది. కుళాయి చుక్క వినిపించింది.

"నిన్నట్నుంచి" అన్నాడు బావగారు.

"ఇంట్లో?"

"ఉద్యోగం పోయిందనే చెప్పలేదు. మా ఆవిడ రోజూ క్యారేజీ కట్టి ఇస్తుంది. నేను ఎక్కడెక్కడో తిరిగి ఖాళీ చేసుకుని వెళ్తాను. ఇవాళ అది లేదేమంటే క్యాంటీన్ పెట్టారన్నాను. ఇంకో అబద్ధం ఆడే ఓపిక లేదు మాస్టారూ."

"అయితే అబద్ధం ఆడకు. పద, మీ ఇంటికి వెళ్దాం."

"దాని మొహం ఎలా చూడను?"

"చూడక్కర్లేదు. నేల చూస్తూ చెప్పు. ఒక్క మాట చాలు. ముందు నాకు చెప్పు."

బావగారి పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. మాస్టారు తొందరపెట్టలేదు. ఇంకోసారికి గాలి మాత్రమే వచ్చింది. ఆ తర్వాత, "నా ఉద్యోగం పోయింది" అన్నాడు. ఖాళీ హాలు ఆ మాటను తిరిగి అప్పజెప్పింది.

"రేపు వాళ్ళడిగినా ఇదే. ఆ తర్వాత నీకేం వచ్చో చెప్పు. పోయిందన్న సంగతి దాచడానికి పడే కష్టమే మనిషిని తినేస్తుంది."

గడియారాన్ని తనే అతని చేతికి కట్టాడు.

బావగారి ఇల్లు మూడో అంతస్తులో. ఒక్కో మలుపు దగ్గరా మాస్టారు గోడకు చెయ్యి ఆనించి ఆగాడు. పైనుంచి బావగారు చూస్తే, "వయసు" అన్నాడు.

తలుపు తీసిన భార్య మెడలో కుట్టుపని టేపు వేలాడుతోంది. ఇద్దర్నీ చూసి పక్కకు తప్పుకుంది. బావగారు చెప్పులైనా విప్పకుండా, గడపను చూస్తూ చెప్పేశాడు.

"తెలుసు" అందామె. "కొన్నాళ్ళుగా మీ చొక్కాకి వెన్న వాసన రావట్లేదు. మీరే చెప్తారని ఊరుకున్నాను."

అతను అక్కడే కూలబడ్డాడు. మిగతా సంగతి, ఆ పెద్ద సంగతి, మాస్టారు పక్కనుండగా అతనే చెప్పాడు. ఆమె మొహం తెల్లబోయింది. ఒక చేత్తో అతని చొక్కా పట్టుకుంది. ఇక వదల్లేదు.

"ఇతన్ని ఒంటరిగా వదలకమ్మా. రేపు ఇంటర్వ్యూకి నువ్వూ వెళ్ళు. అటునుంచి అటే డాక్టరు దగ్గరికి. వాయిదా వెయ్యొద్దు."

"అలాగే అన్నయ్యగారూ. మీకేంటి ఇంత చెమట?"

"మెట్లు" అన్నాడు. ఆమె ఇచ్చిన నీళ్ళు సగం తాగి, చేతిరుమాలుతో మొహం తుడుచుకుని కుర్చీ చేతి మీద వేశాడు. లేచేటప్పుడు మర్చిపోయాడు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఏటవాలు ఎండ ఆయన మోకాళ్ళ మీద పడి, తర్వాత పక్క సీటు మీదికి జరిగింది. ఆఖరి స్టాపులో అందరూ దిగారు. కండక్టరు వచ్చి, "పెద్దాయనా, దిగండి" అన్నాడు. మళ్ళీ అన్నాడు. భుజం మీద చెయ్యివేశాక ఇక పిలవలేదు.

మర్నాడు రొట్టెల ఫ్యాక్టరీలో, పాత పని ఎందుకు మానేశారని అడిగారు. "మానలేదండీ. నా ఉద్యోగం పోయింది" అన్నాడు బావగారు. తల ఎత్తే చెప్పాడు. వచ్చే వారం చేరమన్నారు. బయట కాచుకున్న భార్యతో డాక్టరు దగ్గర కూర్చుని, అక్కడినుంచి ఇద్దరూ మాస్టారికి చెప్దామని పాత ఫ్యాక్టరీకి వచ్చారు. గేటు దగ్గరివాడు లేచి నిలబడి, బావగారి చెయ్యి పట్టుకుని, నిన్న బస్సులోనే మాస్టారు పోయారని చెప్పాడు.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. మూడంతస్తులూ ఎక్కారు. ఆమె తాళం తీసింది. బావగారు నేరుగా వెనక వసారాలోకి నడిచి ఆగిపోయాడు. తిరిగి ఇచ్చేద్దామని పొద్దున్నే ఆమె ఉతికి ఆరేసిన చేతిరుమాలు దండెం మీద ఉంది, అంచులింకా తడి ఆరలేదు.