రెండో ఎల్స్‌పెత్

ఫిల్ము ఒకచోట పట్టేసింది. ఎప్పీ మేర్ పిడిని అర చుట్టు వెనక్కి తిప్పి, గోటితో అంచు సర్ది, మళ్ళీ ముందుకు తిప్పింది. పాత పుస్తకాలని ఫిల్ములోంచి తెర మీద చూపించే ఆ యంత్రానికీ ఆమెకీ పద్నాలుగేళ్ళ సావాసం. అది ఎక్కడ మొరాయిస్తుందో, ఎలా బతిమాలితే దారికొస్తుందో ఆమెకి తెలుసు. తెర మీద చర్చి పుస్తకం పుటలు ఒకదాని వెనుక ఒకటి జారిపోతున్నాయి. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, మళ్ళీ బాప్తిస్మాలు. రాసిన గుమాస్తా పోయి నూటయాభై ఏళ్ళయింది, అతగాడి కోడిగీతలతో మాత్రం ఎప్పీ ఇంకా రోజూ కుస్తీ పడుతూనే ఉంది.

పోర్ట్‌గార్వీ రిజిస్ట్రారు ఆఫీసులో వెనుక గది అది. కిటికీలోంచి రేవు కనబడాలి, కానీ ఫిబ్రవరి నెలలో మంచు తప్ప ఏదీ కనబడదు. ముప్ఫై అయిదేళ్ళుగా ఆ గదే ఆమె లోకం. ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలొస్తాయి, మా ముత్తాతది మీ ఊరేనట, ఎవరి కొడుకో కాస్త చూసి చెబుతారా అని. ఆమె చూసి చెబుతుంది. నెరిసిన జుట్టుని బిగించి ముడేసుకుని, కళ్ళద్దాలకి తాడు కట్టుకుని, కొంచెం ముందుకి వంగి కూర్చుంటుంది. పిడి తిప్పి తిప్పి కుడిచేతి బొటనవేలు పక్కన చర్మం గవ్వలా నున్నగా అయిపోయింది. ఆమెని చూసి వెళ్ళినవాళ్ళకి ముత్తాతలు గుర్తుంటారు గానీ ఆమె ముఖం గుర్తుండదు. అందుకు ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు.

పదింటికి న్యూజిలాండు నుంచి వచ్చిన మిసెస్ టెనెంట్ తలుపు తోసుకుని లోపలికొచ్చింది. అరవై ఏళ్ళ మనిషి, ఎర్రటి కోటు, నోరు మూత పడదు. ఆమెకి కావలసింది ఆమె ముత్తవ్వ బార్బరా స్లేటర్.

"నాకు పెద్దగా వెతికే పని పెట్టకండి, పుట్టిన సంవత్సరం నా దగ్గరే ఉంది. పద్దెనిమిది వందల ముప్ఫై ఒకటి. పింగాణీ పళ్ళేల మీద వంశవృక్షం వేయించి పదకొండు ఇళ్ళకి పంచాను కూడా."

"పంచేశారా?" అంది ఎప్పీ.

"పోయిన క్రిస్మస్‌కి."

ఎప్పీ బాప్తిస్మాల ఫిల్ము ఎక్కించింది. ఆ తీరంలో ఊరంతటికీ కలిపి నాలుగే ఇంటిపేర్లు. పెట్టే పేర్లూ అంతే. పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, పెద్దకూతురికి అమ్మ తల్లి పేరు. ఒకే వీధిలో నలుగురు అలెగ్జాండర్ స్లేటర్లు ఉంటే వాళ్ళని విడదీయడానికి డోసీ, బాబర్, రోజీ అని మారుపేర్లు పెట్టేవారు, గుమాస్తా అవి కూడా పుస్తకంలోకి ఎక్కించేవాడు. ముప్ఫై ఒకటిలో బార్బరా ఉంది. అలెగ్జాండర్ స్లేటర్ డోసీ కూతురు. మిసెస్ టెనెంట్ తెర మీదికి వంగి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"ఇంకా అవలేదు," అంది ఎప్పీ. నలభై ఒకటి నాటి జనాభా లెక్కల ఫిల్ము ఎక్కించింది. అదే వీధి, అదే డోసీ, అదే పెళ్ళాం. పిల్లల్లో బార్బరా. వయసు, ఆరు.

"పదేళ్ళు ఉండాలిగా? తప్పు రాశారా?"

"పెద్దవాళ్ళ వయసులు ఇష్టమొచ్చినట్టు వేసేవారు. పిల్లలవి అలా తప్పవు."

మిసెస్ టెనెంట్‌ని కూర్చోబెట్టి, ఎప్పీ మూడో ఫిల్ము చుట్ట తీసింది. ఆ చర్చిలో చనిపోయినవాళ్ళ పేర్లు రాసే అలవాటు లేదు. శవపేటిక మీద కప్పడానికి చర్చివాళ్ళు నల్ల మఖ్మలు గుడ్డ ఇచ్చేవారు. పెద్దవాళ్ళకి పెద్ద గుడ్డ, పిల్లలకి చిన్న గుడ్డ. ఆ గుడ్డ ఏ ఇంటికి పోయిందో రాసిన కాగితాలే మిగిలాయి. ముప్ఫై మూడు, ఫిబ్రవరి. "అలెగ్జాండర్ స్లేటర్, డోసీ, అతని బిడ్డకు చిన్న గుడ్డ." బిడ్డ పేరు కూడా లేదు. తర్వాత మళ్ళీ బాప్తిస్మాల్లో ముప్ఫై అయిదు, జనవరి. అదే తండ్రికి ఇంకో కూతురు. పేరు బార్బరా.

"మీ ముత్తవ్వ ఈ పిల్లండీ. ముప్ఫై ఒకటిలో పుట్టింది వాళ్ళ అక్క. రెండేళ్ళకే పోయింది."

మిసెస్ టెనెంట్ నోరు మొదటిసారి మూతపడింది. పదకొండు పళ్ళేలూ కళ్ళ ముందు తిరిగాయి కాబోలు. కాసేపటికి తేరుకుని, "చచ్చిపోయిన పిల్ల పేరే మళ్ళీ పెట్టారా? దీనికంటూ ఒక పేరు వెతకడానికి అంత బద్ధకమా?" అంది.

"బద్ధకం కాదండీ, అది అమ్మమ్మ పేరు. అమ్మమ్మ బతికుండగా ఇంట్లో ఆ పేరున్న పిల్ల లేకపోతే ఎలా? పోతే మళ్ళీ పెట్టడమే. మా వైపు అందరూ చేసిందే."

"పాపం, ఆ రెండోదానికి తెలిసుంటుందా?"

"తెలిసే ఉంటుంది."

"తెలిసి ఏం చేసుంటుంది?"

ఎప్పీ ఫిల్ము వెనక్కి చుట్టింది. "రాత్రి భోజనంలో సూపు తాగి, పొద్దున్నే పనికెళ్ళుంటుంది," అంది.

తను చేసింది అదే. ఇరవై రెండేళ్ళ వయసులో ఈ ఉద్యోగంలో చేరిన నెలలో, పని నేర్చుకోవడానికని ఊళ్ళో పుట్టినవాళ్ళ పుస్తకాలు తిరగేస్తోంది. ఎల్స్‌పెత్ మేర్ అని కనబడింది. ఎప్పీ అన్నది ఎల్స్‌పెత్‌కి ముద్దుపేరే. తండ్రి జేమ్స్ మేర్, తల్లి మార్గరెట్ పీరీ. తన పేరు, తన అమ్మానాన్నలు, తన ఇల్లు. సంవత్సరం మాత్రం తను పుట్టడానికి అయిదేళ్ళ ముందుది. గుమాస్తాది ఎంత మతిలేని రాతో అని ముందు నవ్వుకుంది. తర్వాత మరణాల పుస్తకం తీసింది. ఎల్స్‌పెత్ మేర్, మూడేళ్ళు, కోరింత దగ్గు. ఆ సాయంత్రం ఇంటికెళ్తే అమ్మ పొగబెట్టిన చేపతో సూపు చేసింది. ఎప్పీ తాగింది, బాగుందంది. ఏమీ అడగలేదు. నాన్న పోయేదాకా అడగలేదు, పోయాకా అడగలేదు. పెళ్ళి మాటలు రెండుసార్లు వచ్చి వెళ్ళాయి. అమ్మా తనూ అదే రెండు గదుల ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని ముప్ఫై అయిదేళ్ళు భోంచేశారు. ఆ పిల్ల పేరు ఒక్కసారీ రాలేదు. రాకేం, రోజుకి పదిసార్లు వచ్చేది, ఎప్పీ, ఉప్పు ఇలా ఇయ్యి అని, ఎప్పీ, తలుపు మూసెయ్యి అని. అమ్మ పిలిచినప్పుడల్లా ఎవరిని పిలుస్తోందో అనిపించేది. ఆ ముల్లు ఆమెలో అలాగే ఉండిపోయింది.

రెండింటికి రిజిస్ట్రారు ఫార్కర్ గారు తలుపులోంచి తల పెట్టి, "బయల్దేరండి ఎప్పీ గారూ. మీ అమ్మగారు వాచీ చూస్తూ ఉంటారు," అన్నాడు.

"మా అమ్మ చూసేది నా కోసం కాదు లెండి."

అంది గానీ కోటు వేసుకుని వెళ్ళింది. ఆసుపత్రి కొండ మీద ఉంది, పన్నెండు మంచాలది. అక్టోబరు నుంచీ అమ్మ అక్కడే. ఎనభై ఆరేళ్ళు. కాళ్ళు ముందు పోయాయి, తర్వాత గుండె, ఈ మధ్య మతి కూడా ఒకపూట ఉంటే ఒకపూట ఉండదు. ఎప్పీ వెళ్ళేసరికి అమ్మ దిళ్ళకి ఆనుకుని తలుపు వైపే చూస్తోంది. చిన్న ముఖం, నీళ్ళలాంటి కళ్ళు, ఉప్పుచేపలు కోసి కోసి వంకర పోయిన వేళ్ళు.

"ఎప్పీ ఏదే? పొద్దున్నుంచీ కనబడలేదు. బూట్లు కూడా లేకుండా రేవు మీదికి పరుగెత్తింది."

"నేనే అమ్మా ఎప్పీని."

అమ్మ ఎగాదిగా చూసింది. "చాల్లే. ముసలిదానివి నువ్వు. మా ఎప్పీకి మూడేళ్ళు. ఎర్రజుట్టు."

పక్క మంచం ఆవిడ కిసుక్కున నవ్వింది. ఎప్పీకి కూడా నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నాలుగు నెలలుగా ఇదే వరస. రోజూ వచ్చి కూర్చోవడం, ఆ ఎర్రజుట్టు పిల్ల కోసం అమ్మ కళ్ళతో కిటికీలు వెతుకుతుంటే చూడడం. తను కోరింది పెద్దదేం కాదు. పోయేలోగా ఒక్కసారి, తననే చూస్తూ, తనని తనుగా పోల్చుకుంటే చాలు. ఆ ఎప్పీ కాదు, ఈ ఎప్పీ.

పొద్దున్న మిసెస్ టెనెంట్ అడిగిన ప్రశ్న ఇంకా బుర్రలో తిరుగుతోంది. ముప్ఫై అయిదేళ్ళు మింగిన మాట ఎలా వచ్చిందో వచ్చేసింది.

"అమ్మా, ఎర్రజుట్టు ఎప్పీ తర్వాత నీకు ఇంకో ఆడపిల్ల పుట్టింది కదా?"

 అమ్మ దుప్పటి అంచు మడత పెడుతూ, విప్పుతూ ఉంది.

"పుట్టింది," అంది చివరికి.

"దాని పేరేంటి?"

"అదీ ఎప్పీయే. మా అమ్మ పేరు నిలబెట్టాలన్నారు అందరూ. నేను వద్దన్నాను. నా మాట ఎవడు విన్నాడు?"

"ఎలాంటి పిల్ల అది?"

"ఏడ్చేది కాదు." అమ్మ గొంతు తగ్గిపోయింది. "పాలకి కూడా ఏడ్చేది కాదు. అలా పడుకుని చూస్తూ ఉండేది. ఏడవని పిల్లని ఎత్తుకోవాలని ఎవరికి తోస్తుందే?"

"మరి నువ్వు దాన్ని చూసుకున్నావా?" ఎప్పీ మంచం మీదికి వంగింది. "సరిగ్గా, ఒక్కసారైనా చూశావా?"

అమ్మ నోరు తెరిచింది. అప్పుడే నడవాలో గంట మోగింది, చూడవచ్చినవాళ్ళు ఇక వెళ్ళాలని. నర్సు మోరాగ్ టీ బండి తోసుకుంటూ వచ్చింది. అమ్మ కళ్ళు ఆ బండి మీదికి వెళ్ళాయి. బిస్కెట్లు ఏవని అడిగింది.

ఎప్పీ అమ్మ నుదుటి మీద ముద్దు పెట్టి, "రేపు వస్తానే," అని వచ్చేసింది. గంట కొట్టినవాడి మీద ఎన్నడూ లేనంత కోపం వచ్చింది. రేపు మళ్ళీ అడగాలనుకుంది. రేపు ఒకపూట మతి ఉండొచ్చు.

ఆఫీసులో మిసెస్ టెనెంట్ కోసం రెండో బార్బరా వివరాలు శుభ్రంగా కాపీ చేసింది. పళ్ళేల సంగతి ఎలా సర్దుకోవాలో కూడా చిన్న చీటీ రాసింది. మొదటి బార్బరాని తీసేయవద్దని, పక్కనే రెండో కొమ్మ వేయమని. నాలుగూ ఇరవైకి ఫోను మోగింది. ఫార్కర్ గారు తీశాడు. విన్నాడు. రిసీవరు చేత్తో మూసి, ఎప్పీ వైపు చూసి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అంతతో ఆమెకి అర్థమైంది.

టీ తాగాక కన్ను మూసిందట. బిస్కెట్టు సగం తిన్నదట. బాధేం పడలేదని మోరాగ్ రెండుసార్లు చెప్పింది. ఎప్పీ మంచం పక్కన కూర్చుని, ఆ వంకర వేళ్ళు తన చేతుల్లోకి తీసుకుంది. ఎప్పటిలాగే ఏడవలేదు. ఏడవని పిల్లని ఎవరెత్తుకుంటారని అమ్మే అంది కదా అని గుర్తొచ్చింది. అప్పుడు ఏడ్చింది. మోరాగ్ తెర లాగి బయట నిలబడింది.

రేపు పొద్దున ఫార్కర్ గారు పుస్తకం తెరుస్తాడు. మార్గరెట్ పీరీ, ఎనభై ఆరేళ్ళు, జేమ్స్ మేర్ భార్య. సమాచారం ఇచ్చినవారు ఎల్స్‌పెత్ మేర్, కూతురు. వందేళ్ళ తర్వాత ఎవరో ఒకావిడ ఎర్రకోటు వేసుకుని వచ్చి ఆ పుట చూస్తుంది. ఏ ఎల్స్‌పెత్తో పోల్చుకోలేక తికమక పడుతుంది. ఆ ఆలోచనకి ఎప్పీ ఏడుపులోనే ముక్కు చీది నవ్వింది.

వెళ్ళేటప్పుడు మోరాగ్ ఒక గుడ్డసంచి చేతికిచ్చింది. "ఆవిడ సామాన్లు ఎప్పీ గారూ. చెప్పులు, బైబిలు, కళ్ళద్దాలు. ఇంకా అల్లికొకటి ఉంది. అది మీకు చెప్పకూడదని ఒట్టు వేయించుకున్నారు. పొద్దున్నపూట మతి బాగున్నంతసేపే అల్లేవారు. రెండవుతుందనగానే దిండు కిందికి తోసేసేవారు."

"ఎవరికట?"

"ఆ ఒక్కటీ చెప్పలేదు. అడిగితే, నీకెందుకే, నీ పని చూసుకో అనేవారు."

ఇంటికి వచ్చి, దీపం వేసి, కోటు కూడా విప్పకుండా ఎప్పీ సంచి బల్ల మీద గుమ్మరించింది. ముదురు నీలం ఉన్ని. స్వెట్టరు. ఒళ్ళు అయిపోయింది, ఒక చెయ్యి అయిపోయింది. ఆమె దాన్ని ఎత్తి చూసి ఆగిపోయింది. ఆ చెయ్యి పొడవు మామూలుది కాదు. ఎప్పీ చేతులు చిన్నప్పటి నుంచీ ఒంటికి సరిపోనంత పొడుగు. కొట్లో కొన్న ఏ స్వెట్టరైనా మణికట్టుకి నాలుగు వేళ్ళ పైనే ఆగిపోతుంది, బడిలో పిల్లలు కొంగ అని ఏడిపించేవారు. ఆ సంగతి తను ఇంట్లో ఎప్పుడూ చెప్పుకోలేదు. ఆసుపత్రిలో కొలత తీసుకున్నవాళ్ళెవరూ లేరు. అమ్మ దగ్గర టేపూ లేదు, కాగితమూ లేదు.

కోటు విప్పి, ఆ చేతిని తొడుక్కుంది. నీలం అంచు వచ్చి మణికట్టు ఎముక మీద సరిగ్గా కూర్చుంది, ఒక అల్లిక ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"చూశావన్నమాట," అంది ఎప్పీ ఖాళీ కుర్చీతో.

చాలాసేపు అలాగే నిలబడింది. రెండో చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయి, సూదులు ఇంకా ఉన్నిలోనే గుచ్చుకుని ఉండగా, ఆమె పక్కన వేలాడుతూ ఉంది.