పేగులు కడిగిందెవరు?

ముందు మొగుడు రవూఫ్ వకీలు గౌను, తరవాతే తనది. పెళ్లయిన నాటి నుంచీ ఇస్త్రీబల్ల మీద వరస అదే. సూస్ పట్నం కోర్టులో ఆయన లేచి నిలబడితే భుజాల మీద మడతలు చెక్కుచెదరకుండా ఉండాలి. జలీలా గౌనుకి పెట్టెలో మిగిలిన వేడి చాలు. "నీ పేద ఖైదీలేమైనా మడతలు చూస్తారుటే?" అని అత్తగారు ఒకసారి నవ్వుతూ అంది. ఆ ఇంట్లో ఏ మాటైనా నవ్వుతూనే అంటారు. కోపంగా అంటే తిరిగి ఒక మాట అనచ్చు, నవ్వుతూ అన్నదానికి నవ్వక చస్తామా!

జలీలా కూడా వకీలే. అక్కడ వకీలునీ, గురువునీ ఉస్తాద్ అంటారు, ఆడవాళ్లయితే ఉస్తాదా. ఒకప్పుడు రవూఫ్ దగ్గర జూనియర్‌గా చేరి, ఆ ఆఫీసు నుంచే ఈ ఇంటికి వచ్చింది. ఆఫీసు బోర్డు మీద ఆయన పేరొక్కటే ఉంది. చదువు ముగించి వచ్చిన పిల్లలంతా ఎవరో ఒక సీనియర్ దగ్గర శిక్షణ పొందాలి. వకీలుకి ఫీజు ఇచ్చుకోలేని ముద్దాయిల కేసులన్నీ న్యాయవాదుల సంఘం ఆ పిల్లల నెత్తినే పెడుతుంది. రవూఫ్ పేరు మీద చేరిన పిల్లలకి పాఠం చెప్పేది మాత్రం జలీలా, వంటింటి బల్ల దగ్గర, బఠాణీలు ఒలుస్తూనో, గుడ్డలు మడతపెడుతూనో. జైల్లో మనిషిని ఎలా పలకరించాలి, ఏడుస్తుంటే ఎంతసేపు ఊరుకోవాలి, ఠాణాలో వేలిముద్ర వేయించుకున్న వాంగ్మూలాన్ని ఎలా అనుమానించాలి, అన్నీ ఆవిడే నేర్పింది. దానికి జీతమూ లేదు, పేరూ లేదు. ఈ వారమే సంఘం వారు ఉత్తమ గురువని రవూఫ్‌కి సన్మానం చేస్తున్నారు. గురుత్వం గురించి ఆయన చదవబోయే ఉపన్యాసం కూడా జలీలాయే రాయాలి. వింటున్నారా!

నిజానికి రవూఫ్ ఆమెకి నేర్పిన పాఠం ఒక్కటే. "డబ్బు రాని కేసుకి గొంతు అరగదీసుకోకు. లేచి 'న్యాయస్థానం విజ్ఞతకే వదిలేస్తున్నాను' అని కూర్చో. జడ్జికి టైము మిగులుతుంది, నీకు మంచిపేరు మిగులుతుంది." ఆ కోర్టులో పేదవాళ్ల తరఫున అందరూ అనే మాట అదే. ఎంత మర్యాదైన మాటో! ఆ మర్యాద వెనకాల ఎందరు జైలుకి నడిచిపోయారో లెక్క ఎవరికీ తెలియదు.

సన్మానానికి ముందురోజు మధ్యాహ్నం రిహామ్ వచ్చింది. రవూఫ్ దగ్గర కొత్తగా చేరిన పిల్ల, నెత్తిన పడ్డ మొదటి పెద్ద కేసు. ముద్దాయి మబ్రూకా, దూరాన అయిన్ దరాహం కొండల నుంచి వచ్చిన పనిమనిషి. బక్రీదు నాడు అందరూ వాకిట్లో పొట్టేలు దగ్గరుంటే, పడగ్గదిలో బీరువా తీసి యజమానురాలి బంగారు గాజులు కాజేసిందని అభియోగం. నమ్మి ఇంట్లో పెట్టుకుంటే దొంగిలించిందని శిక్ష మరీ ఎక్కువ వేస్తారు. ఠాణాలో వేలిముద్ర పడనే పడింది.

"జైలుకెళ్లి కలిశాను ఉస్తాదా. 'నేను ఆ పొద్దు ఆ ఇంట్లోనే లేనమ్మా, పండక్కి మా ఊరెళ్లాను' అంటోంది. ఊళ్లోవాళ్ల మాట ఎవరూ నమ్మలేదట. రవూఫ్ గారేమో విజ్ఞతకి వదిలేయమన్నారు. ఆ యజమాని, నూనె వ్యాపారి, తన కేసులన్నీ మనకే ఇస్తానన్నాడట. నా శిక్షణ కాగితం మీద సంతకం తనదేనని కూడా గుర్తుచేశారు."

జలీలా ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "బక్రీదు నాడు ఆ ఇంట్లో పొట్టేలు పేగులు కడిగిందెవరు?"

ఆ సంగతి ఫైల్లో ఎక్కడా లేదంది రిహామ్. జలీలాకి ఒళ్లు మండిపోయింది. పోలీసులు, దర్యాప్తు జడ్జి, అంతా మగవాళ్లే. పేగులు వాటంతటవే శుభ్రపడి, మసాలా కూరుకుని, పళ్లెంలోకి నడిచి వస్తాయని నమ్మే జాతి. వీళ్లకి ఆ ప్రశ్న ఎందుకు తడుతుంది? ప్రతి బక్రీదుకీ పెరట్లో గొంతుక్కూర్చుని ఆ కంపులో చేతులు నానబెట్టుకునే తనకి తడుతుంది.

"ఏ ఇంటి కేసొచ్చినా ఆ రోజు చాకిరీ ఎవరు చేశారో ముందు అడుగు. పనిమనిషి ఇంట్లో ఉంటే ఆ ఇల్లాలు పేగులు ముట్టదు. లేకపోతే తనొక్కతే కడుక్కున్నానని ఇప్పటికీ కనిపించినవాళ్లందరికీ చెప్పుకుంటూ ఉంటుంది. ఆ మాట దాచుకోవడం ఏ ఆడదాని వల్లా కాదు."

మర్నాడు పొద్దున కోర్టులో రవూఫ్ ముందు బల్ల మీద నూనె వ్యాపారి పక్కన కూర్చున్నాడు. జలీలా ఎప్పటిలాగే వెనక బల్ల మీద. బోనులో మబ్రూకా తల వంచుకుని నిలబడింది. కటకటాల చువ్వ మీది దుమ్ముని ఆమె చెయ్యి అలవాటుగా తుడుస్తూనే ఉంది. 

జడ్జీల్లో పెద్దాయన గడియారం వంక చూసి, ముద్దాయి తరఫున ఏమైనా ఉందా అన్నాడు. రిహామ్ లేచింది. ముందు బల్ల నుంచి రవూఫ్ మెల్లిగా తల తిప్పి చూశాడు. 

"న్యాయస్థానం విజ్ఞతకే..."

జలీలా లేచి ముందుకి నడిచింది. రవూఫ్ కళ్లతోనే కూర్చోమన్నాడు. ఆ కళ్లకి లోబడి ఎన్నిసార్లు కూర్చుండిపోయిందో ఆమెకి ఒక్కసారిగా గుర్తొచ్చి సిగ్గూ, కోపమూ కలిసి వచ్చాయి. డిఫెన్సులో తనూ చేరుతున్నానని జడ్జికి చెప్పింది. గుమాస్తా తలెత్తకుండానే 'రవూఫ్ గారి ఆఫీసు' అని రాసుకోబోయాడు.

"కాదు. జలీలా అయ్యారీ. నా పేరే రాయండి."

పెళ్లయినా చట్టం ఆమెకి ఆ పుట్టింటి పేరు ఉంచింది. వాడినవాళ్లే లేరు, తనతో సహా. వాదిస్తారా అని జడ్జి అడిగితే, వాదించేది ఈ అమ్మాయేనంటూ రిహామ్ పక్కన నిలబడింది. "ఆ ప్రశ్న నీది," అని మెల్లిగా చెప్పింది. "అడుగు. నేనెక్కడికీ పోను."

రిహామ్ అడిగింది. బక్రీదు నాడు పేగులు ఎవరు కడిగారో యజమానురాలిని అడగమని ఆ పిల్ల కోరేసరికి కోర్టంతా గొల్లున నవ్వింది. జడ్జి కూడా నవ్వుతూనే అడిగాడు.

యజమానురాలు మాత్రం నవ్వలేదు. ఇన్నాళ్లకి అడిగినవాడు దొరికాడన్నట్టు ముందుకి వంగింది.

"ఎవరు కడుగుతారండీ, నేనే! పేగులు, పొట్ట, తలకాయ, అన్నీ నేనొక్కదాన్నే. నడుం పడిపోయింది. ఈ మహాతల్లి ముందురోజే ఊరు చెక్కేసిందిగా, పండగ దాటాక గానీ తిరిగి రాలేదు."

ఆ మాట బయటపడ్డాక నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నూనె వ్యాపారి భార్య మోచెయ్యి పట్టుకుని లాగాడు గానీ గుమాస్తా అప్పటికే రాసేశాడు. జడ్జీలు లోపలికి వెళ్లి వచ్చి మబ్రూకాని విడిచిపెట్టమన్నారు. గాజులు ఎవరు తీశారని ఎవరూ అడగలేదు, ఆమెకి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. తరవాతి కేసు పిలిచారు.

వరండాలో రిహామ్ తన శిక్షణ కాగితం తలుచుకుంది. ఇక రవూఫ్ గారు సంతకం పెట్టరంది. "నా పేరు మీద మార్పించుకో," అంది జలీలా. "బోర్డు లేదు. వంటింటి బల్ల ఉంది."

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే అందుకుంది, మొగుడి పరువు కోర్టులో తీసిన ఆడదాన్ని ఇప్పుడే చూస్తున్నానని. ఈసారి నవ్వుతూ అనలేదు. జలీలాకి ఎంత హాయిగా ఉందో!

తన గౌను ఒక్కటీ మడతలు నిలిచేలా ఇస్త్రీ చేసుకుని, పెట్టె చల్లార్చి పక్కన పెట్టింది. సన్మానానికి వేళవుతోందని రవూఫ్ నలిగిన గౌను చేత్తో పట్టుకుని వచ్చాడు. నూనె వ్యాపారి సంగతి రేపు మాట్లాడతానన్నాడు. ముందు ఉపన్యాసం ఏదన్నాడు. రాయలేదంది జలీలా.

"ఊరంతా వస్తున్నారు. శిష్యులకి నేనేం నేర్పానని చెప్పను అక్కడ?"

జలీలా లేచి, కోర్టులో లేచినట్టే నిటారుగా నిలబడింది.

"మీ విజ్ఞతకే వదిలేస్తున్నాను, ఉస్తాద్."