నిలబడి చెప్పిన క్షమాపణ

ఫువాతినో ఇంట్లో చాపను వేళ్ళతో సగం, చెవులతో సగం అల్లుతారని ఆ సమోవా పల్లెలో అందరికీ తెలిసిన సంగతే. ఎండ వాలగానే ఆడవాళ్ళు మొగలాకు పోగులు చంకన పెట్టుకుని వచ్చి, గోడల్లేని ఆ ఇంట్లో గాలి తగిలేచోట బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. ఒకప్పుడు చిన్నబడిలో పంతులమ్మగా చేసిన ఫువాతినో కళ్ళద్దాలు ముక్కుమీదికి దించి, ఇంగ్లీషు పుస్తకం చూస్తూ తమ భాషలో కథ చెబుతుంది. కథ నడిచినంతసేపూ వేళ్ళు నడుస్తాయి.

మేలుచాపంటే మాటలా! పట్టుగుడ్డలా జారాలి, ఉంగరంలో దూరాలి. కూతురు ఫేతూ పెళ్ళికి అది పెట్టకపోతే ఫువాతినో చర్చిలో ఏ ముఖం పెట్టుకుని కూర్చుంటుంది? ఒక్కతే అల్లుకుంటే మనవరాలి పెళ్ళికి తయారవుతుంది. అందుకని కథే కూలి.

ఆ కథ ఏడు పుస్తకాలు. ఎలిత్ అనే రాణిపిల్ల, ఆమెను వీపున మోసే ఒరూమ్ అనే రెక్కల సముద్రపాము, దీవులకు నిప్పుపెట్టే ద్రేవక్ అనే దుర్మార్గుడు. ఫువాతినో ఆడపడుచు మకేరితకు ఒరూమ్ అంటే ప్రాణం. తన పందికి ఆ పేరే పెట్టుకుంది. ఆ పందిని ఊళ్ళో ఎవరైనా ఆకలిచూపు చూస్తే ఆ పూట వాళ్ళకు తిట్లే భోజనం.

ఏడో పుస్తకం చివరికొచ్చింది. ద్రేవక్ బాణం తగిలి ఒరూమ్ సముద్రంలో పడింది. రెండే రెండు వాక్యాలు. మరుసటి పేజీలో ద్రేవక్ వచ్చి, “తప్పయిపోయింది” అన్నాడు. ఎలిత్ నవ్వి, “పోనీలే” అంది. ఇద్దరూ కలిసి రాజ్యమేలారు. అంతే.

వేళ్ళన్నీ ఆగిపోయాయి.

“ఒకసారి చూడవే, కాగితాలు అంటుకుపోయాయేమో,” అంది అందరికన్నా పెద్దది లువాయి.

ఫువాతినో వేలు తడిచేసుకుని చూసింది. అంటుకోలేదు.

“మరి శవం?” అంది మకేరిత.

“సముద్రంలో పోయింది వదినా.”

“వెతకలేదా? చావుకి చాపలెవరు తెచ్చారు? వచ్చినవాళ్ళకి తిండెవరు పెట్టారు?”

“రాయలేదు.”

“ఏడు పుస్తకాలు రాసే ఓపికుంది గానీ, చావింట్లో నాలుగు తారోదుంపలు ఉడకేసే ఓపిక లేదా ఆ మహాతల్లికి!”

లువాయి చెయ్యెత్తి అందర్నీ ఊరుకోబెట్టింది. “ఆ సంగతలా ఉంచండి. చేసిన తప్పుకి క్షమాపణగా ఆ ద్రేవక్ ఇఫోగా ఎంతసేపు కూర్చున్నాడు? తెల్లవారకముందే వచ్చి, నెత్తిన మేలుచాప కప్పుకుని వాకిట్లో కూర్చోవాలి గదా. లోపలివాళ్ళు దయతలిచి చాప ఎత్తేదాకా కదలకూడదు గదా. ఎంతసేపు?”

“కూర్చోలేదు పెద్దమ్మా. నిలబడే చెప్పాడు.”

“నిలబడా!”

ఆ మాటకు ఇల్లంతా భగ్గుమంది. దీవులు తగలబెట్టినందుకు కూడా వాణ్ణి వాళ్ళు అంతగా తిట్టలేదు. నిజానికి ముందురోజే ఆ ముగింపు చదివి ఫువాతినోకూ కడుపు మండింది. పుస్తకాన్ని వంటపాకలోకి విసిరేసి, మళ్ళీ తనే బూడిద దులిపి తెచ్చుకుంది. కానీ తను వండిన కూరకు వంకపెడితే ఎలా ఉంటుందో అలా ఉంది ఇప్పుడు. నోరు జారింది.

“చాల్లే వదినా! కాగితం మీది బల్లి చచ్చిపోతే ఏడుపేంటి!”

మకేరిత అల్లుతున్న వరస అక్కడే వదిలేసింది. పోగులు చుట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనకే ఒక్కొక్కరూ లేచారు.

మర్నాడు ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ అంతే. పెళ్ళి ముంచుకొస్తోంది. ఫువాతినో ఒంటరిగా ఒక వరస అల్లితే అది తాగినవాడి నడకలా పోయింది. విప్పేసింది. చాప కోసం ఎంత బెంగపడిందో, ‘బల్లి’ అన్నప్పటి వదిన మొహం గుర్తొచ్చి అంతకన్నా ఎక్కువ కుమిలింది.

కోడి కూయకముందే ఆ సగం చాపనే నెత్తిన కప్పుకుని మకేరిత వాకిట్లో కూర్చుంది. అల్లని పోగులు చుట్టూ గడ్డంలా వేలాడుతున్నాయి. తెల్లారేసరికి ఊరంతా చేరింది.

“ఇఫోగా హత్యలకుంది గానీ బల్లులకెక్కడిదే!” అని లువాయి నెత్తి కొట్టుకుంది.

మకేరిత లోపల కోకో తాగుతోంది. చూసీ చూడనట్టుంది. మరో కప్పు పోసుకుంది. ఎండెక్కింది. చాపకింద ఫువాతినోకు చెమట కారుతోంది, కాలు తిమ్మిరెక్కింది. అప్పుడు పక్కనే ఏదో నములుతున్న చప్పుడు వినబడింది.

ఒరూమ్! పంది తీరిగ్గా వచ్చి, వేలాడే పోగులు నములుతోంది. ఎవరో ఎత్తేదాకా ఫువాతినో కదలకూడదు. “హుష్! పో!” అని చాపకిందనుంచే బతిమాలుకుంది. అది ఇంకాస్త గట్టిగా లాగింది.

“ఆగవే దరిద్రమా! పెళ్ళిచాపే అది!” అంటూ మకేరిత కప్పు వదిలేసి పరుగెత్తుకొచ్చి, చాప ఎత్తి పట్టుకుంది.

చాపకింద చెమటలో తడిసిన ఫువాతినో మొహం బయటపడింది.

“పందిని తోలడానికొచ్చాను. నిన్ను క్షమించడానికి కాదు.”

“చాప ఎత్తావుగా వదినా. ఎత్తాక అయిపోయినట్టే.”

మకేరిత లువాయి వైపు చూసింది. లువాయి బొటనవేలితో చుట్ట ఆర్పుతూ, “ఎత్తావే అమ్మా, అందరం చూశాం,” అంది.

మకేరిత మూతి బిగించుకుంది గానీ నవ్వు ఆగలేదు. “సరే, లోపలికి రా. కోకో ఉంది. కానీ ఆ ద్రేవక్‌గాడు కూడా ఇలాగే కూర్చోవాలి. అప్పుడే పోగు ముట్టుకుంటా.”

ఆ మధ్యాహ్నం అందరూ వచ్చారు. ఫువాతినో పుస్తకం మూసేసి, కళ్ళద్దాలు తీసేసి కథ మొదలుపెట్టింది. ఒరూమ్‌కు అలలమీద పెద్ద చావువిందు జరిగింది. చేపలుకూడా చాపలు తెచ్చాయి. ద్రేవక్ వచ్చి ఎలిత్ వాకిట్లో చాపకింద కూర్చున్నాడు. ఎండ కాసింది. వాన కురిసింది. చీమలు పట్టాయి.

“ఎలిత్ ఏం చేస్తోంది?” అంది ఒకావిడ.

“లోపల కోకో తాగుతోంది,” అంది మకేరిత, పోగు బిగిస్తూ.

చాప పెళ్ళికి అందింది. పంది నమిలిన మూల మాత్రం కొత్తపోగులతో తెల్లగా మెరుస్తోంది. చూసినవాళ్ళకు అదీ ముచ్చటగానే అనిపించింది. పెళ్ళివిందుకు ఊళ్ళో పందులు చాలానే పొయ్యిలోకి వెళ్ళాయి. ఒరూమ్ మాత్రం మకేరిత పక్కనే పడుకుని రెండు పెద్ద సీమపనసకాయలు తినేసింది.

పెళ్ళయిపోయినా ఆడవాళ్ళు ఎండ వాలగానే పోగులు పట్టుకుని వస్తూనే ఉన్నారు. ద్రేవక్ మీది చాప ఇంకా ఎవరూ ఎత్తలేదు మరి.