రెండు వేళ్ల గుడ్డ

మా కోడలు ఏడాదిపాటు కొత్త బట్టలు కొననని ఒట్టు పెట్టుకుంది. ఉన్నవి ఉండగా మళ్లీ మళ్లీ కొని పారేయడం తనకు నచ్చదట. దర్జీ అత్తగారిని పెట్టుకుని పెట్టుకోవాల్సిన ఒట్టేనా అది? ముప్పై ఏళ్లుగా మిషను తొక్కుతున్నదాన్ని. నాకసలే ముక్కు మీద కోపం.

వాళ్లుండేది వేరే ఊళ్లో. ఇక్కడ ఉద్యోగం ఇంటర్వ్యూ ఉందని ముందురోజు పొద్దున్నే దిగింది. అప్పటికే నేను మెరూన్ రంగు గుడ్డ తెచ్చి, టేపు మెడలో వేసుకుని సిద్ధంగా ఉన్నాను.

"కొన్నది నేను. నీ ఒట్టుకి వచ్చిన నష్టమేం లేదు. చేతులు చాపు," అన్నాను.

"వద్దత్తయ్యా. నాకు కోటు ఉందిగా."

"ఏ షాపుదో?"

ఆ పుల్లవిరుపుకి కారణం ఉంది. పెళ్లయిన కొత్తలో దానికొక ముదురు నీలం కోటు కుట్టాను. ఈ ఆరేళ్లలో ఎన్నిసార్లు మా ఇంటికి వచ్చినా అది దాని ఒంటి మీద నా కంటపడలేదు. నచ్చలేదని చెప్పలేక ఏ బీరువా అడుగునో పడేసి ఉంటుందనుకున్నాను. పొరుగింటి పుల్లకూర రుచి కదా! పైకి అడగలేదు గానీ, ఆ బాధ లోపల అలాగే ఉండిపోయింది.

కోడలు సంచిలోంచి లేత నీలం కోటు తీసి నా ఒళ్లో పెట్టింది. "లావయ్యాను. నడుం దగ్గర పట్టేస్తోంది. కాస్త వదులు చేస్తారా?"

"ఎవడు కుట్టాడో గానీ..." అంటూ తిరగేశాను. పక్క కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలి ఉంది. అంత గుడ్డ వదిలే పిచ్చిది ఈ బజారు మొత్తానికి నేనొక్కదాన్నే. మనిషితోపాటు బట్టా పెరగాలని మా అమ్మ నేర్పిన అలవాటు అది.

గబగబా కుట్టు విప్పాను. లోపల దాగిన గుడ్డ, నేను కత్తిరించిన రోజున ఎలా ఉందో అలాగే ముదురు నీలంగా బయటపడింది.

"అయ్యో, పక్కన గీతలు కనిపిస్తాయే! రేపెలా?" అని కోడలు కంగారుపడింది.

నేను ఆ రెండు రంగులనూ చూస్తూ ఉండిపోయాను. ఎన్నిసార్లు ఉతికితే, ఎన్ని ఎండలు తగిలితే ఇంతలా వెలుస్తుంది!

"రోజూ ఇదే వేస్తావా?"

"దాదాపు రోజూ. ఆఫీసులో నన్ను నీలం కోటు అనే పిలుస్తారు."

"మరి ఇక్కడికి ఒక్కసారీ వేసుకురాలేదేమే?"

"మీరు చూస్తే వెలిసిపోయిందని లాగేసుకుని కొత్తది కుట్టేస్తారు. నాకిదే కావాలి."

కళ్లు తుడుచుకోవడానికి చేతికి మెడలోని టేపే దొరికింది. ఇన్నాళ్లూ ఈ పిల్లని ఎన్ని మాటలు అనుకున్నాను!

కోటు అంచు మడతలో కూడా నేను గుడ్డ బాగానే వదిలాను. అది కత్తిరించి కాలరుకీ జేబులకీ ముదురు పట్టీలు వేశాను. పక్క గీతలు కావాలని పెట్టినట్టే కుదిరాయి.

మర్నాడు సాయంత్రం కోడలు తిరిగొచ్చింది.

"ఉద్యోగం సంగతి వారంలో చెప్తారట. ఆ మెరూన్ గుడ్డ తిరిగిచ్చేయకండి అత్తయ్యా. ఇది చిరిగాక కుడుదురుగాని."

"ఇది చిరిగేదాకా నేనుండొద్దూ?"

"ఉండాలి. అందుకే చెప్తున్నా."

గుడ్డ మడిచి బీరువాలో పెట్టాను. దానికి మూడు వేళ్లు వదులుతాను.